గడియారమును పరుగెత్తించుటకు ముందు: ఇంటి కంప్యూటరుకు భాగములు ఎన్నుకొనుట ఎట్లు?

కంప్యూటరు కొనునప్పుడు పెద్దలు ధర అడుగుదురు. పిల్లలు వేగము అడుగుదురు. ఈ రెంటి నడుమ మూడవ ప్రశ్న ఒకటి తరచుగా మరుగున పడిపోవుచున్నది. “ఇది మండు వేసవిలోను, పరీక్షకు ముందు రాత్రియు ఆగకుండ పనిచేయునా?” అన్నదే ఆ ప్రశ్న. పాత యంత్రములో కొన్ని భాగములు మార్చి వేగము పెంచుకొనదలచిన కుటుంబములకు ఈ మూడవ ప్రశ్నయే మొదటిది కావలెనని మా అభిప్రాయము.

మన సంఘ కుటుంబములలో చాలచోట్ల ఒకే కంప్యూటరు నలుగురి పని చేయుచున్నది. ఒకరికి లెక్కలు, ఒకరికి చదువు, ఒకరికి వీడియోలు. ఇంజనీరింగు చదువుచున్న పిల్లవాడు ఉన్న ఇంట దానిని విప్పి చూచు ఉత్సాహము కూడ ఉండును. ఆ ఉత్సాహమునకే “ఓవర్‌క్లాకింగు” అని పేరు. తండ్రులు దీనిని దుబారా అని కొట్టివేయుదురు. కుమారులు ఇది ఉచితముగా వచ్చు వేగమని వాదింతురు. ఇద్దరి మాటలోను కొంత నిజము లేకపోలేదు. కావున తల్లిదండ్రులకు తెలియునట్లును, పిల్లలకు పనికివచ్చునట్లును ఈ సంగతిని విడమరచి చెప్పదలచినాము.

తాళము, ఊపిరి

భజనలో తాళము వేయువాడు ఒకడు ఉండును. అతని తాళమునకు అనుగుణముగా అందరును పాడుదురు. తాళము వడి పెంచిన కొలది పాట వేగముగా సాగును. మరికొంత పెంచినచో పాడువారికి ఊపిరి చాలక మాట తప్పును. ప్రాసెసరులోని గడియారము కూడ ఇట్టి తాళమే. 3.2 గిగాహెర్ట్జ్ అనగా సెకనుకు 320 కోట్ల తాళములు. తయారుచేసినవారు నిర్ణయించిన తాళమునకు మించి ప్రాసెసరును నడుపుటయే ఓవర్‌క్లాకింగు. ఊపిరి చాలనప్పుడు మరికొంత ఊపిరి ఈయవలెను గదా; అది వోల్టేజి. గడియారమును పెంచువారు వోల్టేజిని కూడ పెంచుట ఇందువలననే.

పూర్వము ఇందులో నిజముగానే లాభముండెను. 1998 ఆగస్టులో ఇంటెల్ వారు సెలెరాన్ 300ఎ అను చౌక ప్రాసెసరును విడుదల చేసినారు. దాని మూల తాళము 66 మెగాహెర్ట్జ్, దానిని 4.5 చేత గుణించగా సుమారు 300 మెగాహెర్ట్జ్ వచ్చును. మదర్‌బోర్డులో ఆ 66ను 100గా మార్చినచో అదే చిప్పు 450 వద్ద నడిచెడిది. అదే సంవత్సరము వచ్చిన 450 మెగాహెర్ట్జ్ పెంటియం 2 దీనికంటె ఎంతో ఖరీదైనది. 2011 జనవరిలో వచ్చిన కోర్ ఐ5 2500కె 3.3 గిగాహెర్ట్జ్ చిప్పు. మంచి కూలరు పెట్టినవారు దానిని 4.5 వరకు సులభముగా నడిపినారు. ఆ రోజులలో తయారీదారులు ప్రతి చిప్పులోను కొంత శక్తిని వాడకుండ మిగిల్చి అమ్మెడివారు. ఆ మిగులే కుర్రవారికి దక్కిన లాభము.

నేటి పరిస్థితి అది కాదు. ఇప్పటి ప్రాసెసర్లు వేడిని, వోల్టేజిని తామే కొలుచుకొని, వీలైనంత వేగమునకు తమంతట తామే పోవుచున్నవి. మిగులు చాలవరకు కర్మాగారములోనే పిండివేయబడుచున్నది. ఒక్కొక్కప్పుడు అది మితిమీరుటయు కలదు. 2024లో ఇంటెల్ వారి 13, 14వ తరముల డెస్కుటాప్ ప్రాసెసర్లలో కొన్ని నిలకడ తప్పుచున్నవని పలువురు ఫిర్యాదు చేయగా, చిప్పునకు చేరు వోల్టేజి హద్దు మీరుచున్నదని ఆ సంస్థయే ప్రకటించి, ఆగస్టులో దిద్దుబాటును విడుదల చేసి, వారంటీని మరి రెండేండ్లు పొడిగించవలసి వచ్చినది. తయారుచేసినవారికే ఇట్టి చిక్కు వచ్చినప్పుడు, ఇంటివద్ద గడియారమును త్రిప్పువారు ఎంత జాగ్రత్తగా ఉండవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఒక ఇంటి సంగతి

బెంగళూరులో మన సభ్యులొకరి ఇంట జరిగినదానిని ఉదాహరణగా తీసికొందము. వారి యంత్రము 2017లో కొన్నది. ఎ.ఎం.డి. వారి రైజెన్ 5 1600 ప్రాసెసరు, బి350 మదర్‌బోర్డు, ఎనిమిది గిగాబైట్ల ర్యామ్ ఒకే ముక్కగా, జి.టి.ఎక్స్. 1050 టి.ఐ. గ్రాఫిక్స్ కార్డు, పాతకాలపు హార్డు డిస్కు. కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్.ఎం.పి.ఎస్. మీద పెద్ద అక్షరములతో 450 వాట్లు అని ఉన్నది. కుమారుడు ఇంజనీరింగు చదువుచు, పెండ్లి వీడియోలు కూర్చి నాలుగు రూపాయలు సంపాదించుచున్నాడు. కుమార్తె చార్టర్డ్ అకౌంటెన్సీ చదువుచున్నది. ఆ ఇల్లాలు ఆదివారములందు ఇరుగుపొరుగు తెలుగు పిల్లలకు ఆ యంత్రము ద్వారానే ఓనమాలు నేర్పుచు, ఆ పాఠములను అందులోనే దాచుచున్నది.

2022 డిసెంబరు సెలవులలో ఆ పిల్లవాడు ప్రాసెసరును 3.9 గిగాహెర్ట్జ్‌కు పెంచినాడు. చలి రోజులు, మూడు నెలలు బాగుగనే నడిచినది. ఏప్రిల్ వచ్చుసరికి యంత్రము పని మధ్యలో ఉన్నట్టుండి ఆరిపోవ మొదలుపెట్టినది. ఒక ఆదివారము పాఠము నడుమనే ఆరినది. అంతకంటె చెడ్డ సంగతి మరియొకటి బయటపడినది: దాచిన పాఠములలో రెండు తెరచుకొనలేదు. ఆరిపోయిన యంత్రము తన తప్పును తానే చెప్పును. తప్పు లెక్క వేసి దానిని నిశ్శబ్దముగా డిస్కుపై వ్రాసిన యంత్రము చెప్పదు. ఓవర్‌క్లాకింగులో భయపడవలసినది ఈ రెండవదానికే.

“నాన్నగారూ, కొత్త యంత్రము అక్కరలేదు. కొన్ని భాగములు మారిస్తే చాలు,” అని పిల్లవాడు ఒక పట్టిక వ్రాసి ఇచ్చినాడు. అందులో మొదటిది రంగు దీపములు గల గాజు కేబినెట్. రెండవది నీటితో చల్లబరచు కూలరు. మూడవది కొత్త గ్రాఫిక్స్ కార్డు. ఎస్.ఎం.పి.ఎస్. పేరే లేదు. ముప్పది వేలకు మించి ఈయలేనని తండ్రి చెప్పినారు. తల్లి మాత్రము ఒకే మాట అడిగినది: “ఒరే, అక్కయ్య పరీక్షల నాడు ఇది ఆగదని నువ్వు చెప్పగలవా?” ఆ ప్రశ్నకు జవాబు దొరకునట్లు పట్టికను తిరుగ వ్రాయుటకు మా సహాయము కోరినారు.

వేడి లెక్క

పట్టికకు ముందు చిన్న లెక్క. చిప్పులో పుట్టు వేడి గడియారవేగముతో పాటు పెరుగును. వోల్టేజితో మాత్రము వర్గముగా, అనగా వోల్టేజిని వోల్టేజిచేతనే గుణించిన లెక్కన పెరుగును. ఆ రైజెన్ చిప్పులో ఆరు కోరులును కలిసి పనిచేయునప్పుడు వేగము సుమారు 3.4 గిగాహెర్ట్జ్. దానిని 3.9 చేయగా వేగము నూటికి 15 వంతులు పెరిగినది. వోల్టేజి 1.2 నుండి 1.35కు పెరిగినదనుకొన్నచో, వేడి నూటికి 45 వంతులు పెరుగును. పదునైదు వంతుల లాభమునకు నలుబదియైదు వంతుల సుంకము!

ఈ వేడి గది వేడిమికి పైన చేరును. అదివరకు చిప్పు గదికంటె 40 డిగ్రీలు ఎక్కువగా ఉండెడిదనుకొందము. ఇప్పుడు 58 డిగ్రీలు ఎక్కువగా ఉండును. డిసెంబరు రాత్రి గది 22 డిగ్రీలైనచో చిప్పు 80. ఏప్రిల్ మధ్యాహ్నము గది 34 అయినచో చిప్పు 92. అదే యంత్రము చెన్నైలో 39 డిగ్రీల గదిలో ఉన్నచో 97. ఆ చిప్పునకు హద్దు 95. మార్గశిరములో నిలిచినది వైశాఖములో నిలువకపోవుటకు దయ్యములు కారణము కావు. విదేశముల చలి గదులలో చేసిన ప్రయోగములను చూచి మన ఊళ్లలో అనుసరించుట ఇందుచేతనే ప్రమాదము.

ఇక విద్యుత్తు లెక్క. మామూలుగా 85 వాట్లు తీసికొను చిప్పు పై లెక్కన 120 వాట్లకు మించి తీసికొనును. గ్రాఫిక్స్ కార్డు 75. బోర్డు, డిస్కు, ఫ్యానులకు మరి 45. వెరసి 240 వాట్లు. ఇందులో హెచ్చు భాగము 12 వోల్టుల తీగలనుండియే రావలెను. ఆ ఎస్.ఎం.పి.ఎస్. ప్రక్కన అంటించిన చీటీని చదువగా 12 వోల్టులకు ఎదురుగా 18 ఆంపియర్లు అని ఉన్నది. పండ్రెండును పదునెనిమిదిచేత గుణించగా 216. పైన వ్రాసిన 450 అలంకారమునకే! పైన పటారము, లోన లొటారము అన్న సామెత ఇట్టి వస్తువులను చూచియే పుట్టినట్లున్నది.

ఎన్నికలో వరుస

ఈ లెక్కలనుండి ఒక సూత్రము తేలుచున్నది. కంటికి కనబడని భాగములను ముందు కొనవలెను, కనబడునవి తరువాత. ఏ వరుసలో కొనవలెనో క్రింద చెప్పుచున్నాము.

మొదటిది ఎస్.ఎం.పి.ఎస్. ఇది చెడినచో తాను ఒంటరిగా పోదు. మదర్‌బోర్డును, డిస్కును వెంట తీసికొనిపోవును. పేరుగల సంస్థదై, ఐదేండ్ల వారంటీ ఉన్నదానిని చూడవలెను. చీటీపై 12 వోల్టుల వరుసను చదువవలెను. 550 వాట్ల మంచిదానిలో అక్కడ 45 ఆంపియర్ల వరకు ఉండును. దానిపై ఉండు బ్రాంజు, గోల్డు ముద్రలు విద్యుత్తు ఎంత తక్కువ వృథా అగునో చెప్పునే గాని, రక్షణలన్నియు ఉన్నవని హామీ ఈయవు. షార్టు సర్క్యూటు, అధిక వోల్టేజి, అధిక కరెంటు వచ్చినప్పుడు తనంతట తాను ఆగిపోవు ఏర్పాటులు ఉన్నవా అని వేరుగా విచారింపవలెను. గోడ ప్లగ్గుకు సరియైన ఎర్తింగు లేనిచో ఎంత మంచి ఎస్.ఎం.పి.ఎస్. అయినను సగమే మేలు. చిన్న యు.పి.ఎస్. పెట్టువారు 600 వి.ఎ. అనగా 600 వాట్లు కాదని, చాలవాటిలో సుమారు 360 వాట్లేనని గుర్తుంచుకొనవలెను.

రెండవది మదర్‌బోర్డు. ఎస్.ఎం.పి.ఎస్. పంపిన 12 వోల్టులను ప్రాసెసరుకు కావలసిన ఒకటింబావు వోల్టుకు దించునది ఇందులోని వి.ఆర్.ఎం. అను భాగము. వోల్టేజి దిగినకొద్ది కరెంటు పెరుగును. 120 వాట్లను 1.35 వోల్టులచేత భాగింపగా సుమారు 90 ఆంపియర్లు! మన ఇళ్లలో గీజరుకు పెట్టు పెద్ద ప్లగ్గు 16 ఆంపియర్లది మాత్రమే. గోరంత చిప్పునకు ఇంత కరెంటు అందించు భాగము వేడెక్కుటలో వింత లేదు. దానిమీద అల్యూమినియపు హీట్‌సింకు లేని చౌక బోర్డుపై గడియారమును పెంచరాదు. గడియారము పెంచుటకు అన్ని బోర్డులు అనుమతింపవు కూడ. ఇంటెల్ వారిలో పేరు చివర కె అక్షరము గల ప్రాసెసరును, జడ్ తరగతి బోర్డును జతచేయవలెను. ఎ.ఎం.డి. వారిలో బి, ఎక్స్ తరగతుల బోర్డులు అనుమతించును. ఎ320, ఎ520 బోర్డులు అనుమతింపవు.

మూడవది చల్లదనము. 120 మిల్లీమీటర్ల ఫ్యాను గల నిలువు గాలి కూలరు ఇంటి యంత్రమునకు చాలును. నీటి కూలరులో పంపు ఒకటి ఎక్కువ. తిరుగు వస్తువు ఒకటి ఎక్కువైనకొద్ది చెడు వస్తువు ఒకటి ఎక్కువైనట్లే. కూలరు ఎత్తు కేబినెట్ వెడల్పులో పట్టునా అని ముందే కొలుచుకొనవలెను. ఏ కూలరైనను గది వేడిమికంటె తక్కువకు దించలేదు. కావున గాలి ఆడుట ముఖ్యము. ముందునుండి చల్లగాలి లోనికి, వెనుకనుండి వేడిగాలి వెలుపలికి పోవలెను. ముందువైపు నిండ గాజుపలక గల కేబినెట్ చూచుటకు అందమే గాని, అది కిటికీలు మూసిన వంటిల్లు. యంత్రమును బల్ల అరలో మూసిపెట్టుట, గోడకు ఆనించుట, నెలల తరబడి దుమ్ము దులుపకుండుట మన ఇళ్లలో సాధారణము. ఈ మూడును మానినచో కొంత వేడి పైసా ఖర్చులేకుండ తగ్గును.

నాలుగవది ప్రాసెసరు. ఇక్కడ ఆ ఇంటివారికి అదృష్టము కలిసివచ్చినది. బి350 బోర్డులకు కూడ 5000 వరుస రైజెన్ ప్రాసెసర్లు పనిచేయునట్లు 2022లో ఎ.ఎం.డి. వారు ఏర్పాటు చేసినారు. బోర్డు తయారుచేసినవారు తగిన బయాస్‌ను విడుదల చేసి ఉండవలెను, అంతే. 2022 ఏప్రిల్‌లో వచ్చిన రైజెన్ 5 5600 కూడ ఆరు కోరులదే. పాతదానివలెనే 65 వాట్ల తరగతిది. కాని గరిష్ఠ వేగము 4.4 గిగాహెర్ట్జ్, లోపలి ఎల్3 నిలువ 16 మెగాబైట్లకు బదులు 32, నిర్మాణము 14 నానోమీటర్లకు బదులు 7. ఒక్కొక్క తాళమునకు చేయు పని కూడ ఎక్కువే. అనగా పాతదానిని ఎంత కొట్టి పరుగెత్తించినను 3.9 దగ్గర రొప్పుచుండగా, కొత్తది తన సహజపు నడకతోనే దానిని దాటిపోవును. మరియొక లాభము కూడ కలదు. రైజెన్ 5 1600ను విండోస్ 11 అధికారికముగా అంగీకరింపదు. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. 5600కు ఆ చిక్కు లేదు.

ఆటల కొరకే కొనువారు 5800ఎక్స్3డి అను దానిని గూర్చి వినియుందురు. 96 మెగాబైట్ల ఎల్3 నిలువ గల ఆ చిప్పులో గుణకము తాళము వేయబడి ఉన్నది. గడియారమును చేతితో పెంచుటకు వీలులేదు. ఐనను 2022లో అది ఆటలలో మేటి ప్రాసెసర్లలో ఒకటిగా నిలిచినది. వేగమునకు గడియారమొక్కటే మార్గము కాదనుటకు ఇదియే తార్కాణము.

ఐదవది ర్యామ్. ఒకే ముక్కకంటె రెండు సమాన ముక్కలు మేలు. రెండు దారులలో సమాచారము నడచును. ఎనిమిది చొప్పున రెండు, 3200 వేగము గలవి ఆ ఇంటికి చాలును. డి.డి.ఆర్.4 బోర్డులో డి.డి.ఆర్.5 ముక్క పట్టదు. వాని గాట్లు వేరు. ఇక పెక్కుమంది ఎరుగని సంగతి: 3200 అని కొన్న ర్యామ్ పెట్టినంత మాత్రమున ఆ వేగమున నడువదు. బయాస్‌లో ఎక్స్.ఎం.పి. అను అమరికను తెరచిననే నడుచును. లేనిచో 2133 లేక 2666 వద్ద ఏండ్ల తరబడి మగ్గుచుండును.

చివరకు డిస్కు. పాత హార్డు డిస్కుకు బదులు ఎస్.ఎస్.డి. పెట్టినప్పుడు ఇంటిల్లిపాదికి తెలియు వేగము ఏ గడియారమును త్రిప్పినను రాదు. పాత హార్డు డిస్కును పారవేయక, వేరు పెట్టెలో అమర్చి, నకళ్లు దాచుటకు వాడుకొనవచ్చును. ఒకే నకలు ఉన్న పని, లేని పనితో సమానము.

బజారులో

మా పాఠకులలో బెంగళూరువారికి ఎస్.పి. రోడ్డు, చెన్నైవారికి రిచీ స్ట్రీటు, ముంబయివారికి లామింగ్టన్ రోడ్డు తెలిసినవే. యానామువారికి కాకినాడ దగ్గర. ఎక్కడికి పోయినను ఇంటివద్దనే పట్టిక వ్రాసికొని, ప్రతి వస్తువునకు పూర్తి నమూనా సంఖ్య వేసికొని పోవలెను. “అది లేదండి, దానికంటె మంచిది ఇస్తాను” అన్న మాట వినబడినప్పుడు సంచి మూసికొని ప్రక్క అంగడికి పోవుట ఉత్తమము. ఎస్.ఎం.పి.ఎస్. విషయములో ఈ మాట తరచుగా వినబడును. పెట్టె ముద్ర విడకుండ ఉండవలెను. బిల్లుపై సీరియల్ సంఖ్య వ్రాయించవలెను. వారంటీ మన దేశములోనే చెల్లునా అని అడుగవలెను. పెట్టె లేకుండ చౌకగా ఇచ్చు ప్రాసెసరుకు తయారీదారుని వారంటీ వర్తింపకపోవచ్చును. గడియారమును పెంచి చెడగొట్టినదానికి ఇంటెల్ గాని, ఎ.ఎం.డి. గాని వారంటీ బాధ్యత వహింపవు; ఈ సంగతి తండ్రియు కుమారుడును కలిసి చదువుకొన్న తరువాతనే డబ్బు చెల్లింపవలెను.

బిగించునప్పుడు, పరీక్షించునప్పుడు

పాత ప్రాసెసరు లోపల ఉండగానే బయాస్‌ను కొత్తది చేయవలెను. కొత్త ప్రాసెసరు పెట్టిన తరువాత తెర వెలుగక తికమకపడువారిలో పెక్కుమంది ఈ వరుస తప్పినవారే. ఆ సమయమున కరెంటు పోకుండ యు.పి.ఎస్. మీద ఉంచవలెను. ఎ.ఎం.4 ప్రాసెసర్లకు సూదులు చిప్పునకే ఉండును. పాత పేస్టు ఎండి అంటుకొని, కూలరును లాగగా చిప్పు కూడ ఊడివచ్చి సూదులు వంగుట కలదు. కావున కొంతసేపు యంత్రమును నడిపి పేస్టు వెచ్చబడిన తరువాత ఆపి, ప్లగ్గు తీసి, కూలరును అటునిటు మెల్లగా త్రిప్పి తీయవలెను. కొత్త పేస్టు బఠాణి గింజంత చాలును.

యంత్రము సిద్ధమైన తరువాత మొదటి వారము ఏమియు పెంచరాదు. ముందు మెమ్‌టెస్ట్86తో ర్యామ్‌ను రాత్రంతయు పరీక్షింపవలెను. ఒక్క తప్పు వచ్చినను అది తప్పే. పిమ్మట ప్రైమ్95 వంటి దానితో ప్రాసెసరును కొన్ని గంటలు శ్రమపెట్టి వేడిని చూడవలెను. పెద్ద ప్రధాన సంఖ్యలను వెదకుటకు పుట్టిన ఆ ప్రోగ్రాము తన లెక్కలను తానే సరిచూచుకొనును. తప్పు వచ్చినచో చెప్పును. ఇవన్నియు నిలిచిన తరువాతనే మార్పులు. ఒకసారికి ఒక్కటే మార్పు. ప్రతి మార్పును తేదీతో, గది వేడిమితో నోటుపుస్తకములో వ్రాసికొనవలెను. రెండు మార్పులు ఒక్కసారి చేసినచో తప్పు దేనిదో తెలియదు. శీతాకాలములో నిలిచిన అమరికను వేసవిలో తిరుగ పరీక్షింపవలెను.

ఇప్పుడు కుర్రవారికి ఒక మాట. నేటి చిప్పులలో నిజమైన నేర్పు వోల్టేజిని పెంచుటలో కాక తగ్గించుటలో ఉన్నది. 5000 వరుస రైజెన్‌లకు కర్వ్ ఆప్టిమైజరు అను అమరిక కలదు. దానితో కోరులకు పోవు వోల్టేజిని మెట్టు మెట్టుగా తగ్గింపవచ్చును. వేడి తగ్గగా, చిప్పు తన హద్దులలోనే కొంచెము హెచ్చు వేగమును తానే అందుకొనును. వర్గము లెక్క ఈసారి మన పక్షమున పనిచేయును. మరీ తగ్గించినచో తప్పులు వచ్చును గనుక పరీక్షలు ఇక్కడ కూడ తప్పవు.

తిరుగ వ్రాసిన పట్టిక

2023 మే నెలలో ఆ ఇంటివారు కొన్నవి ఇవి: 550 వాట్ల ఎస్.ఎం.పి.ఎస్., గాలి కూలరు, రైజెన్ 5 5600, రెండు ముక్కల ర్యామ్, ఎస్.ఎస్.డి., కేబినెట్ ముందువైపునకు రెండు ఫ్యానులు. హీట్‌సింకు గల పాత బోర్డును, పాత కేబినెట్‌ను, పాత గ్రాఫిక్స్ కార్డును ఉంచుకొన్నారు. కొత్త చిప్పు గట్టిగా పనిచేయునప్పుడు తీసికొనునది 88 వాట్లు, కార్డు 75, మిగిలినవి 50, మొత్తము 213. రేపు 170 వాట్ల కార్డు కొన్నను 308 మాత్రమే. పెరుగుటకు చోటు ఉంచి కొనుట అన్న మాటకు ఇదియే అర్థము. ఖర్చు తండ్రి గీచిన గీతకు లోబడియే ఉన్నది. గాజు కేబినెట్ రాలేదని పిల్లవాడు కొన్ని నాళ్లు ముఖము ముడుచుకొన్నాడు. పెండ్లి వీడియో కూర్చుటకు పట్టు సమయము బాగుగ తగ్గుట చూచి ఊరడిల్లినాడు.

యంత్రముతో పాటు ఆ ఇంట ఒక ఒప్పందము కూడ అమరినది. అక్కయ్య పరీక్షల నెలలోను, శనివారము సాయంత్రము మొదలు ఆదివారము పాఠము ముగియువరకును బయాస్ జోలికి పోరాదు. ఏ మార్పుకైనను ముందు నకలు తీయవలెను. మిగిలిన దినములలో పిల్లవాని ప్రయోగములకు అడ్డు చెప్పరాదు. ఈ చివరి షరతు తల్లి పెట్టినదే. పాడైన రెండు పాఠములను ఆమె మరల చెప్పి దాచుకొన్నది.

పిల్లల చేతులు యంత్రములను విప్పి చూచుట మంచిదే. విప్పి చూడని చేతికి విద్య పట్టుబడదు. ఐతే నలుగురు ఆధారపడిన వస్తువుపై ప్రయోగము చేయువాడు ఆ నలుగురికి పూచీ పడవలెను. విద్యుత్తు, చల్లదనము, నకలు, పరీక్ష అను నాలుగు స్తంభములు నిలిపిన తరువాత గడియారమును త్రిప్పిన త్రిప్పవచ్చును. త్రిప్పనక్కరయే లేదని తోచినను ఆశ్చర్యము లేదు. ఈ వేసవిలో యంత్రమును బాగుచేయించుకొనదలచిన పాఠకులు ముందుగా తమ ఎస్.ఎం.పి.ఎస్. చీటీపై 12 వోల్టుల వరుసను చదువుకొని, గుణించి చూచుకొందురుగాక. దానికి ఖర్చేమియు లేదు.